నవ్వింపని హాస్యము

పత్రికాసంపాదకవర్గమువారు ఈ సంవత్సరము నన్నొక వ్యాసము వ్రాయుమని కోరినప్పుడు, విద్యార్థులకు ఉపయోగపడు గంభీరవిషయము నేదైన ఎన్నుకొనవలెనని తలచితిని. సమయపాలనము, మాతృభాషాభిమానము, పరీక్షలకు సిద్ధపడు విధానము మొదలైనవి నా మనస్సులో వరుసగా వచ్చి నిలిచినవి. కాని కొంతకాలముగా నన్ను తొలుచుచున్న విషయము వేరొకటి కలదు. అది సినిమాలలోను టెలివిజనులోను మనము ప్రతిదినము చూచుచున్న హాస్యము. "ఉపాధ్యాయునికి వ్రాయుటకు ఇంతకంటె మంచి విషయము దొరకలేదా?" అని పెద్దలు కొందరు నవ్వవచ్చును. నవ్విన మంచిదే. వ్యాసము ముగియువరకు ఆ నవ్వు నిలిచియుండినయెడల మరియు మంచిది.

ముందుగా ఒక మాట చెప్పవలెను. నేను హాస్యమును ద్వేషించువాడను కాను. పగలంతయు పాఠములు చెప్పి, రాత్రి నలువది వ్యాసరచన పుస్తకములు దిద్దిన పిమ్మట, ఒక అరగంట మనసార నవ్వవలెనని ఎవరికి ఉండదు? నాకును ఉండును. అందుచేతనే నా ఫిర్యాదు. నవ్వుదమని కూర్చుండి నవ్వకయే లేచిన సాయంకాలములు ఈ మధ్య నాకు పెక్కులైనవి. విస్తరి వేసి, నీళ్లు చల్లి, వడ్డింపకయే లేపినయెడల అతిథి కెట్లుండునో నాకును అట్లే యున్నది.

నేను మొదట చూచిన హాస్యచిత్రమునుగూర్చి చెప్పెదను. మా తండ్రిగారు మిషను ప్రాథమికపాఠశాలలో ఉపాధ్యాయులు. నా బాల్యములో మా ఇంట సినిమా యనుమాట గట్టిగా పలుకుట లేదు. పొరుగింటికి టెలివిజను వచ్చిన తరువాత, ఒక సాయంకాలము దూరదర్శనులో 'మిస్సమ్మ' చూపుదురని తెలిసినది. "పేరునుబట్టి చూడగా అది మనవారి కథవలెనున్నది" అని మా అమ్మ మా తండ్రిగారిని ఒప్పించి, మమ్ములనందరిని వెంటబెట్టుకొని పోయెను. మిస్సమ్మ యనునది మిషను స్త్రీలను మన ఊళ్లలో పిలుచు పిలుపు. ఆ పేరు పెట్టిన చిత్రము మనవారిని ఎగతాళి చేయునేమో యని మా తండ్రిగారు చేతులు కట్టుకొని, ముఖము ముడుచుకొని కూర్చుండిరి.

1955లో విజయా సంస్థవారు నిర్మింపగా ఎల్.వి. ప్రసాద్ గారు దర్శకత్వము వహించిన ఆ చిత్రము మీలో అనేకులు చూచియే యుందురు. ఒక జమీందారు తప్పిపోయిన తన కుమార్తె పేర పాఠశాల నడుపుచు, అందులో బోధించుటకు బి.ఏ. చదివిన దంపతులు కావలెనని ప్రకటించెను. ఉద్యోగము లేని రావు, ఇంటి అప్పుచేత బాధపడుచున్న మేరీ, ఒకరికొకరు ఏమియు కానివారయ్యును, భార్యాభర్తలమని చెప్పి ఆ పనిలో చేరిరి. ఆయన హిందువు, ఆమె క్రైస్తవురాలు. అక్కడినుండి కలిగిన చిక్కులన్నియు ఆ ఒక్క అబద్ధమునుండియే పుట్టినవి. మేరీ కోపము మనకు నవ్వు తెప్పించును గాని, ఆమె విశ్వాసమును చూచి నవ్వుమని చిత్రము ఎక్కడను మనల నడుగదు.

అరగంట గడచునప్పటికి మా తండ్రిగారి చేతులు విడిపోయినవి. రేలంగి వేంకటరామయ్యగారు తెరమీద కనబడునప్పుడెల్ల వారు పైపంచెతో కన్నులు తుడుచుకొనుచు నవ్విరి. ఇంటికి నడచి వచ్చుచు, "చివరకు ఆ పిల్ల జమీందారు కూతురేయని తేల్చి, మేరీని మనకు మిగుల్చక తీసికొనిపోయిరి, చూచితివా!" అని మా అమ్మతో అనిరి. ఆ మాటలో కొంచెము నొప్పి లేకపోలేదు. అయినను దానిని వారు నవ్వుచునే చెప్పిరి. "మన యింటికి వచ్చి కూర్చుండి నవ్వించి వెళ్లినట్లున్నది" అని కూడ అనిరి. చేతులు కట్టుకొని కూర్చున్న మనుష్యుని చేతులు విప్పించిన ఆ హాస్యమే నాటినుండి నాకు కొలబద్ద యైనది.

పెద్దవాడనైన తరువాత జంధ్యాలగారి చిత్రములు చూచితిని. 1987లో వచ్చిన 'అహ నా పెళ్ళంట' లోని లోభిని తెలుగువారెవరు మరచిపోగలరు? కోడిని కండ్లయెదుట వ్రేలాడదీసి, దానిని చూచుచు వట్టి అన్నము తినిన ఆ పాత్రను కోట శ్రీనివాసరావుగారు ధరించిరి. ఆ లోభియొద్ద అవస్థలు పడు పనివాని వేషమును బ్రహ్మానందముగారు వేసిరి. ఆయన అంతకుముందు అత్తిలి కళాశాలలో తెలుగు ఉపన్యాసకులు. 2009లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఉపాధ్యాయుల గదిలో మేము కొంత గర్వపడితిమి.

ఆ లోభిని చూచి నేనేల నవ్వితినని పిమ్మట ఆలోచించితిని. లోభము ఆయన వదలుకొనగల దోషము. రేపు ఉదయము లేచి ఆ కోడిని కూర వండించిన ఆయన మారిపోవును. మారగలిగియు మారడు గనుకనే మనము నవ్వుదుము. అంతేకాదు, నవ్వుచు నవ్వుచు మన జేబు తడిమి చూచుకొందుము. ఆ లోభి మనలో కొంచెమైన లేకపోలేదు గదా!

మన పెద్దలు వ్రాసిన హాస్యములోను ఈ నియమమే కనబడుచున్నది. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1892లో తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో తిరిగి వ్రాయబడినది. అందులో కూతురిని అమ్ముకొను తండ్రిని చూచి నవ్వుదుము, పసిపిల్లను కొనుటకు వచ్చిన ముసలి వరుని చూచి నవ్వుదుము, గిరీశము డంబమును చూచి నవ్వుదుము. కాని బాలవితంతువైన బుచ్చమ్మ దుఃఖమును చూచి నవ్వుమని గురజాడవారు మనల నడుగలేదు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టరు పార్వతీశము' మొదటి భాగము 1924లో వెలువడినది. మొగలితుర్రునుండి ఇంగ్లండునకు బయలుదేరిన ఆ యువకుడు తన తెలివితక్కువతనమును తానే చెప్పుకొని మనల నవ్వించును. తన్ను తాను చూచి నవ్వుకొనువాని హాస్యములో ఎవరికిని దెబ్బ తగులదు.

టెలివిజనులో సయితము ఇట్టి మంచి హాస్యము లేకపోలేదు. 2001 మొదలు 2007 వరకు జెమిని టెలివిజనులో వచ్చిన 'అమృతము' అను ధారావాహికను మా యింట ఆదివారము తప్పక చూచువారము. ఇద్దరు స్నేహితులు, వారి హోటలు, ఇంటి యజమాని, ఇంతే కథ. వారమువారము తమ తెలివితేటలచేత తామే గోతిలో పడుచుండిరి. మరుసటి వారము మరల లేచుచుండిరి.

ఇక నా ఆశాభంగముల సంగతి చెప్పెదను. ఏ చిత్రము పేరును, ఏ కార్యక్రమము పేరును ఇక్కడ వ్రాయను. ఒకరిని నలుగురిలో నిలువబెట్టి నవ్వుట తగదని చెప్పబోవు వ్యాసములో నేనే ఆ పని చేయుట బాగుండదు.

ఒక క్రిస్మసు సెలవులలో నా భార్యను, ఇద్దరు బిడ్డలను వెంటబెట్టుకొని పట్టణములోని సినిమాహాలునకు పోయితిని. హాస్యచిత్రమని గోడపత్రికలమీద పెద్ద అక్షరములతో వ్రాసియుండెను. చిత్రములో హాస్యనటుడు కనబడగానే ఎవరో ఒకరు ఆయన చెంపమీద కొట్టుచుండిరి. నాయకుడు కొట్టెను, నాయిక తండ్రి కొట్టెను, చివరకు దారిన పోవువాడును కొట్టెను. మొదటి దెబ్బకు నేనును నవ్వితిని. మూడవదానికి నవ్వు రాలేదు. మా చిన్నమ్మాయి మాత్రము వ్రేళ్లు మడచుచు లెక్కపెట్టినది. హాలు వెలుపలికి వచ్చిన తరువాత, "ఇరువదిమూడు, నాన్నగారూ" అని చెప్పినది. కథకును ఆ దెబ్బలకును సంబంధమేమియు లేదు. వానినన్నిటిని కత్తిరించి తీసివేసినను కథకు ఒక్క గాటైన పడదు. 'మిస్సమ్మ'లో నవ్వును తీసివేసినయెడల కథయే మిగులదు. నేను గుర్తించిన మొదటి లోపము ఇది. హాస్యము కథనుండి పుట్టక, ఉప్పు మరచిన కూరలో తినునప్పుడు చల్లిన ఉప్పువలె పైపైన ఉండుట.

రెండవ లోపము టెలివిజను కార్యక్రమములలో విశేషముగా కనబడును. వేదికమీద ఇద్దరు ముగ్గురు ప్రహసనము ఆడుచుందురు. ఎదుట పెద్ద కుర్చీలలో న్యాయనిర్ణేతలు కూర్చుండి, మాట పూర్తి కాకమునుపే పడిపడి నవ్వుదురు. ఆ నవ్వును మనకు దగ్గరనుండి చూపుదురు, మరల చూపుదురు. వెనుకనుండి వాద్యధ్వని యొకటి మ్రోగును. మన వంతు నవ్వును మరియొకరు నవ్వివేసిన తరువాత మనకు మిగులున దేమి?

ఇది మనదేశమున పుట్టిన విద్య కాదు. అమెరికాలో 1950లో ప్రసారమైన 'హ్యాంక్ మెక్యూన్ షో' అను కార్యక్రమములో ముందుగా ముద్రించియుంచిన నవ్వును మొదటిసారి చేర్చిరి. తరువాత చార్లెస్ డగ్లస్ అను ధ్వనికారుడు దీనికై ఒక పెట్టెనే తయారుచేసెను. అందులో మీటలుండెను. ఒక మీట నొక్కిన చిరునవ్వు, వేరొకటి నొక్కిన పగలబడు నవ్వు వినబడును. హాలులో ఒక్క మనుష్యుడు లేకున్నను వందమంది నవ్వినట్లుండును. కొరియా యుద్ధములోని సైనికవైద్యులనుగూర్చి 1972 మొదలు 1983 వరకు అక్కడ నడచిన 'మ్యాష్' అను హాస్యధారావాహికను తయారుచేసినవారు ఈ పెట్టె నవ్వు వలదనిరి. ప్రసారసంస్థవారు అంగీకరింపలేదు. చివరకు శస్త్రచికిత్స గదిలోని దృశ్యములకు మాత్రము నవ్వు చేర్చకుండునట్లు ఏర్పాటు జరిగినది. బ్రిటనులో ప్రసారమైనప్పుడు ఆ నవ్వును చేర్చలేదు. గాయపడినవాడు బల్లమీద పండుకొనియుండగా పెట్టెలోని నవ్వు వినబడరాదని వారికి తోచినది. ఈ సంగతి చదివినప్పుడు నేను వారిని మెచ్చుకొంటిని. కాని, మన నడుమ అట్టి గాయపడినవాడు కూర్చుండియుండగా నేనే నవ్వుదునని ఆనాడు నాకు తెలియదు.

మూడవ లోపము ఇదియే. లావుగా నున్నవానిని, నల్లగా నున్న పిల్లను, బట్టతలవానిని, నత్తివానిని నిలువబెట్టి నవ్వుట. లోభి లోభమును వదలుకొనగలడు. నత్తివాడు నత్తిని ఎక్కడ వదలుకొనును? ఈ లోపమును నేను చాలకాలము ఇతరుల తప్పుగానే ఎంచితిని. అది నా తప్పు ఎట్లయ్యెనో ఇప్పుడు చెప్పెదను. ఈ సంగతి వ్రాయుటకు ఆ బాలుని అనుమతిని, వాని తల్లి అనుమతిని పొందియున్నాను.

గత సంవత్సరము మన వార్షికోత్సవమునకు పదవ తరగతి బాలురు ఒక ప్రహసనము సిద్ధపరచిరి. టెలివిజనులో వచ్చినదానిని ఫోనులో చూచి వ్రాసికొనినది. పెండ్లిచూపులకు వచ్చిన వరునికి నత్తి. తన పేరు చెప్పలేడు. కన్యాదాత ఆ మొదటి అక్షరమును పట్టుకొని ఏవేవో పేర్లు ఊహించుచుండును. వ్రాతప్రతిని పరిశీలించు పని నాది. ఎఱ్ఱసిరా కలము పట్టుకొని చదివితిని. మర్యాదకు తగని మాటలు రెండుండగా కొట్టివేసితిని. వరుని మాటలున్నచోట అక్షరమునకును అక్షరమునకును నడుమ చుక్కలు పెట్టియుండిరి. ఆ చుక్కలను చూచితినేగాని అవి చెవికి ఎట్లు వినబడునో ఆలోచింపలేదు. క్రింద సంతకము చేసితిని.

ఆ రాత్రి ప్రహసనము మిక్కిలి రంజించినది. వరుని వేషము వేసిన బాలుడు నిజముగా సమర్థుడు. సభలోనివారందరు నవ్విరి. నేనును నవ్వితిని. నవ్వుచు ప్రక్కకు తిరిగి చూడగా మూడవ వరుసలో ఎనిమిదవ తరగతి బాలుడొకడు కనబడెను. వానికి నత్తి యున్నదని నాకు బాగుగా తెలియును. వాడు ఏడ్చుట లేదు. తల వంచుకొనుట లేదు. అందరికంటె బిగ్గరగా నవ్వుచుండెను. దానిని చూచి నా మనస్సు తేలికపడినది. "వీడును సంతోషించుచున్నాడు గదా" అని తలచి తిరిగి వేదికవైపు చూచితిని. ఇరువది సంవత్సరములు ఉపాధ్యాయవృత్తిలోనున్న నాకు ఒక పిల్లవాని నవ్వు చదువుట రాలేదు.

తరువాత కొన్ని వారములకు, హాజరుపట్టీ చదువునప్పుడు ఆ బాలుడు పలుకుట మానివేసి చేయి మాత్రమే ఎత్తుచున్నట్లు గమనించితిని. ఒకనాడు పద్యము చదువుమనగా పుస్తకము తేలేదని తల ఊపెను. పుస్తకము వాని సంచిలోనుండి పైకి కనబడుచునే యున్నది. మధ్యాహ్న విరామసమయమున కిటికీ బయట ఎవరో వానిని పిలుచుట వింటిని. పిలిచినది వాని పేరుతో కాదు, ప్రహసనములోని వరుని పేరుతో. ఆ పేరున్న కాగితము క్రింద నా సంతకమున్నది.

సాయంకాలము వానిని పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొంటిని. "నాయనా, ఆ రాత్రి నీవును నవ్వితివి గదా?" అని అడిగితిని. వాడు కొంతసేపు ఊరకుండి, "నవ్వకపోతే అందరూ నన్నే చూస్తారండీ" అనెను. ఈ నాలుగు మాటలు చెప్పుటకు వానికి ఎంత కాలము పట్టినదో, ఏ అక్షరమువద్ద ఆగెనో ఇక్కడ వ్రాయను. చుక్కలు పెట్టు పని నాకిక వద్దు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రాజుల రెండవ గ్రంథములో ఎలీషా ప్రవక్త బట్టతలను చూచి పరిహసించిన బాలుర కథ యున్నది. ఆదివారపు బడిలో ఆ కథను పిల్లలకు ఎన్నియోసార్లు చెప్పితిని. పెద్దలను ఎగతాళి చేయరాదని నీతి కూడ చెప్పితిని. కాని ఆ బాలురకు ఆ ఎగతాళిని నేర్పిన దెవరో గ్రంథములో వ్రాయబడలేదు. వారికి ఒక ఉపాధ్యాయుడు ఉండెనేమో! ఆ తలంపు నన్ను చాల దినములు విడువలేదు.

మరుసటి సోమవారము ఆ బాలుని తరగతిలోను, పదవ తరగతిలోను నిలిచి, ఆ ప్రహసనమునకు అనుమతి ఇచ్చుట నా తప్పని చెప్పితిని. బాలుని పేరు ఎత్తలేదు. ఆడిన బాలురను నిందింపలేదు. వారు తాము చూచినదానినే చేసిరి. చూచినదానిలో ఏది తీసికొనవలెనో ఏది విడువవలెనో నేర్పవలసినవాడను నేను. అప్పుడు పదవ తరగతి విద్యార్థి యొకడు లేచి, "మాస్టారూ, అన్నిటికీ ఇట్లా బాధపడితే ఇక నవ్వుకోవటానికి ఏం మిగులుతుందండీ?" అని అడిగెను. మంచి ప్రశ్న. వెంటనే జవాబు తోచలేదు. చూపించెదనని చెప్పితిని.

ఒక శనివారము విజ్ఞానశాస్త్రపు గదిలో తెర కట్టి, చార్లీ చాప్లిన్ 1921లో తీసిన 'ది కిడ్' అను చిత్రమును పిల్లలకు చూపించితిమి. అది మూగచిత్రము. వీధిలో విడువబడిన పసిబిడ్డ ఒక పేద దేశదిమ్మరికి దొరుకును. ఆయన వానిని పెంచును. బిడ్డ ఐదేండ్లవాడైన తరువాత ఇద్దరు కలిసి ఒక వ్యాపారము సాగింతురు. పిల్లవాడు రాళ్లు రువ్వి కిటికీ అద్దములు పగులగొట్టును, వెంటనే ఆయన భుజమున అద్దములు మోసికొని ఆ దారినే వచ్చి క్రొత్తవి బిగించును. ఒకచోట పిల్లవాడు రాయి విసరుటకు చేయి వెనుకకు ఎత్తగా అది వెనుక నిలిచియున్న పోలీసువానికి తగులును. పిల్లవాడు ఆ రాతిని మెల్లగా జారవిడిచి, ఏమియు ఎరుగనివానివలె తొలగిపోవును. ఆ దృశ్యమునకు గది యంతయు నవ్వుతో నిండినది. నా కన్నులు మాత్రము ఆ ఎనిమిదవ తరగతి బాలునిమీద నుండెను. ఈసారి వాడు ఇటునటు చూడకుండ నవ్వుచుండెను. ఆ చిత్రములో ఎవరికిని మాటలు లేవు. ఎవరును మాట కొరకు తడుముకొననక్కరలేదు.

తరువాత అధికారులు వచ్చి ఆ పిల్లవానిని అనాథశాలకు తీసికొనిపోవుచుండగా, ఆ పేదవాడు ఇండ్ల కప్పులమీదుగా పరుగెత్తి వానిని విడిపించుకొనును. అప్పుడు నవ్వుచున్న గది నిశ్శబ్దమైనది. చిత్రము ముగిసిన తరువాత చాప్లిన్ బాల్యమును పిల్లలకు చెప్పితిని. ఆయన 1889లో పుట్టెను. 1896లో, ఏడేండ్ల ప్రాయమున, తల్లితోను అన్నతోను లండనులోని లాంబెత్ బీదలశాలలో చేరవలసివచ్చెను. అక్కడ తల్లినుండి వేరుచేయబడెను. ఆకలి ఎరిగినవాడు గనుక ఆకలిగొన్నవానిని చూచి నవ్వుమని చెప్పక, వానితో మనకు స్నేహము కలుగునట్లు చేసి నవ్వించెను. గర్వించిన పోలీసును చూచి, డంబముగల ధనికుని చూచి నవ్వుమనెను. నన్ను ప్రశ్నించిన పదవ తరగతి విద్యార్థివైపు చూచితిని. వాడు ఏమియు అనలేదు. కాని తెర విప్పుటకు వాడే ముందుగా లేచెను.

నవ్వుటకు ఏమి మిగులునని వాడడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. కావలసినంత మిగులును. లోభము మిగులును, డంబము మిగులును. పరీక్షకు ముందురాత్రి పుస్తకము తెరచు విద్యార్థి మిగులును. పాఠము మరచి దగ్గుచు కాలము గడపు ఉపాధ్యాయుడు మిగులును. మనుష్యుడు మార్చుకొనగలిగియు మార్చుకొనని గుణములు లోకములో కొదువలేదు. వానిని వెదకుటకు కష్టపడవలెను. నత్తిని అనుకరించుటకు కష్టము లేదు. నవ్వింపని హాస్యములో నేను చూచు మూలలోపము ఈ సోమరితనమే. వారమువారము క్రొత్త ప్రహసనము కల్పించి తీరవలసినవారి కష్టము నాకు తెలియకపోలేదు. ఒక పాఠమును ప్రతి సంవత్సరము క్రొత్తగా చెప్పుట ఎంత కష్టమో ఎరిగినవాడను. చేతికందినదానిని చెప్పి గంట గడుపుకొనిన దినములు నాకును కలవు. అట్టి దినములలో పిల్లలు ఆవులించిరి. ఇప్పుడు నేను టెలివిజను ముందర ఆవులించుచున్నాను.

విశ్వాసుల తండ్రియైన అబ్రాహాము కుమారునికి ఇస్సాకు అని పేరు. ఆ పేరునకు నవ్వు అని అర్థము. అతని తల్లి శారా మొదట నమ్మలేక నవ్వెను. బిడ్డ పుట్టిన తరువాత సంతోషముచేత నవ్వెను. తనతోకూడ వినువారందరు నవ్వుదురని చెప్పెను. దేవుడు తన ప్రజలలో ఒకనికి అట్టి పేరు ఉండనిచ్చెనుగనుక నవ్వు తక్కువైన వస్తువు కాదని నా నమ్మకము. తక్కువైనది కాదు గనుకనే చెడిపోయినప్పుడు ఇంత బాధ.

ఈ సంవత్సరపు వార్షికోత్సవమున పిల్లలు ఆడిన ప్రహసనమును మీరు చూచితిరి. అందులోని తెలుగు మాస్టారు చెవిమీద సుద్దముక్క పెట్టుకొని తరగతియంతయు దానికొరకే వెదకును. ప్రతి వాక్యము చివర "తెలిసినదా?" యని అడిగి, జవాబు వినకుండ ముందునకు పోవును. ఆ మాస్టారు ఎవరో చెప్పనక్కరలేదు. వ్రాతప్రతిని నాకు ఇచ్చినప్పుడు ఎఱ్ఱకలము తీయకుండ సంతకము చేసితిని. ఆ రాత్రి మొదటి వరుసలో కూర్చుండి చూచితిని. నేను నవ్వితిని. నా ప్రక్కనున్న నా భార్య నాకంటె ఎక్కువగా నవ్వెను. మరునాడు తరగతిలో "తెలిసినదా?" యని అడిగి, జవాబు కొరకు ఆగితిని. నాకు ఆ మాత్రము ప్రయోజనము కలిగినది.

ఆ ప్రహసనమును వ్రాసినది ఇప్పుడు తొమ్మిదవ తరగతిలోనున్న ఆ బాలుడే. వాడు వేదిక ఎక్కలేదు. తెర త్రాడు పట్టుకొని ప్రక్కన నిలిచెను. హాజరుపట్టీ చదువునప్పుడు ఇప్పటికిని చేయి మాత్రమే ఎత్తుచున్నాడు. నేను తొందరపెట్టుట లేదు. పేరు పిలిచి, చేయి లేచువరకు ఆగి, పట్టీలో గీత గీయుదును.

విద్యార్థులారా, మీరు చూచు హాస్యమునకు ఒక చిన్న పరీక్ష పెట్టుడి. తెరమీద ఎవరిని చూచి నవ్వుచున్నారో, అట్టివాడు మీ ప్రక్కన కూర్చుండియున్నాడని తలచుడి. అప్పుడును ఆ నవ్వు మీ నోట నిలిచినయెడల హాయిగా నవ్వుడి. నిలువనియెడల ఆ యంత్రము మీట నొక్కి ఆపుడి. అట్టి మంచి నవ్వు మన పాఠశాలలోను, మన గృహములలోను కొదువలేక వర్ధిల్లునుగాక.